అన్నయ్య చెయ్యి పడిపోవడం దేవుడి తీర్పేనా?

గుంటూరు జిల్లా నుంచి ఒక పాఠకురాలు ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు కాబట్టి సారాంశం మాత్రమే ఇస్తున్నాను.

ఆమెకు నలభై ఆరేళ్ళు. ప్రైవేటు బడిలో టీచరు. తల్లి ముందే పోయారు. తొమ్మిదేళ్ళ కిందట తండ్రి కూడా పోయారు. ఆయన స్వార్జితం ఎకరం ఎనభై సెంట్ల మాగాణి. వీలునామా రాయలేదు. పిల్లలు ఇద్దరే, అన్నయ్య, ఈమె. తండ్రి పోయిన మూడో నెలలో, పాస్‌బుక్కులో పేరు మార్పించడానికి నీ సంతకం కూడా కావాలట అని చెప్పి అన్నయ్య ఈమెను రిజిస్ట్రారాఫీసుకు తీసుకెళ్ళాడు. చూపించిన చోటల్లా సంతకం పెట్టి, వేలిముద్రలు వేసి, దారిలో అన్నయ్య ఇప్పించిన చెరుకురసం తాగి ఇంటికి వచ్చేశారు. రెండేళ్ళ కిందట, కూతురి ఇంజనీరింగు ఫీజు కోసం తన వాటా మీద అప్పు పుడుతుందేమోనని ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల ధ్రువపత్రం) తీయించినప్పుడు తెలిసింది, ఆ రోజు తాను సంతకం పెట్టింది, తన వాటా అన్నయ్యకు వదులుకున్నట్టు రాసిన హక్కు విడుదల దస్తావేజు మీద అని. నిలదీస్తే అన్నయ్య, “నాన్నను మూడేళ్ళు మంచంలో చూసుకున్నది మేము” అని ఒక్క మాట అని లోపలికి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి రెండిళ్ళ మధ్య రాకపోకలు లేవు.

ఈ ఏడాది ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాలు నలభైరోజులూ ఆమె ఉపవాసముండి, 109వ కీర్తన చదివి, తనకు న్యాయం తీర్చమని ప్రార్థించారు. ఈస్టరు వెళ్ళిన కొన్ని వారాలకు అన్నయ్యకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. ఇక్కడి నుంచి ఆమె మాటల్లోనే: “వదిన ఏడుస్తూ ఫోను చేసింది. పెట్టేశాక, పొయ్యి మీద పాలు పొంగి కిందికి కారుతుంటే కట్టేయకుండా చూస్తూ నిలబడ్డాను. నా లోపల చల్లగా ఉంది. కాసేపటికి ఆ చల్లదనాన్ని తలుచుకుంటేనే భయం వేసింది.”

సంఘంలో స్త్రీల సమాజం పెద్దమ్మ ఒకరు, “సంతకం పెట్టించుకున్న చెయ్యే పడిపోయింది చూశావా, వచ్చే ఇంటి ప్రార్థనలో సాక్ష్యం చెప్పు” అంటున్నారు. కోర్టుకు వెళ్దామని భర్త ఒత్తిడి. “తీర్పు తీర్చకుడి అన్నాడు ప్రభువు, విశ్వాసులు కోర్టుకెక్కకూడదు” అని పాస్టరుగారి మాట. ఒక్కసారి వచ్చి ప్రార్థన చేసి వెళ్ళమని వదిన అడుగుతోంది. ఇది దేవుడి తీర్పేనా, నా ప్రార్థనే దీన్ని తెచ్చిందా, వాటా అడగడం తీర్పు తీర్చడమవుతుందా అన్నవి ఆమె ప్రశ్నలు. ఉత్తరం చివర్లో, ముడుచుకున్న అక్షరాలతో, ఇంకొకటి కూడా ఉంది: “పండ్లు తీసుకుని చూడ్డానికి వెళ్తే అది నటన అవుతుందా?”

మీరు అడిగిన వాటిలో నాకు అన్నిటికంటే తేలికగా కనిపించిన దానితో మొదలుపెడతాను, మీకు నిద్ర పట్టనివ్వనిది అదే కాబట్టి. మీ ప్రార్థన మీ అన్నయ్య చెయ్యి పడగొట్టలేదు. ఆయనకు పదేళ్ళుగా బీపీ ఉందనీ, ఏడాదిగా మాత్రలు మానేశాడని వదిన చెప్పిందనీ మీ ఉత్తరం ఐదో పేజీలో మీరే రాశారు. 109వ కీర్తన చాలా కటువైన కీర్తన. శత్రువు భార్య విధవరాలు కావాలనీ, అతని పిల్లలు బిచ్చమెత్తాలనీ అడుగుతుంది. అది బైబిల్లో ఎందుకుందని ఇబ్బంది పడే విశ్వాసులు చాలామంది ఉన్నారు. నేను అర్థం చేసుకున్నంతలో, అక్కడ భక్తుడు తన కోపాన్ని తన చేతిలో ఉంచుకోకుండా దేవుడి ముందు కక్కేస్తున్నాడు. ఆ కోపంతో ఏం చేయాలో నిర్ణయించేది ఆయన. మనం చదివి వినిపించిన శిక్షను పొల్లుపోకుండా అమలు చేసే బంట్రోతు కాదు ఆయన. మీరు నలభైరోజులు కోపాన్ని ఆయన దగ్గర పెట్టి వచ్చారు. అన్నయ్య ఇంటి మీదికి వెళ్ళి అరవడం కన్నా అది మెరుగైన పనే. పాలు పొంగుతున్నప్పుడు కలిగిన చల్లదనం వేరే సంగతి, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇక ఇది దేవుడి తీర్పా అన్న ప్రశ్న. మీ సంఘంలో ఆ పెద్దమ్మ అన్న మాటకు మన ఊళ్ళలో ఇంకో రూపం ఉంది, “చేసుకున్నవాళ్ళకు చేసుకున్నంత మహదేవా” అని. ఆమె అదే మాటను గలతీయులకు రాసిన పత్రికలోని, మనిషి ఏది విత్తితే ఆ పంటే కోస్తాడన్న వాక్యంతో చెప్పారు, అంతే తేడా. ఆమెను చులకన చేయడానికి ఈ మాట అనడం లేదు. బైబిల్లో ఆమెకు ఆధారాలు లేకపోలేదు. అపొస్తలుల కార్యాలు ఐదో అధ్యాయంలో అననీయ, సప్పీరా భూమి అమ్మిన డబ్బు విషయంలో అబద్ధమాడి అక్కడికక్కడే పడిపోయారు. రాజుల మొదటి గ్రంథం ఇరవై ఒకటో అధ్యాయంలో ఆహాబు నాబోతు ద్రాక్షతోట కాజేస్తే దేవుడు ఊరుకోలేదు. భూమి తగాదా ఉన్న ఏ తెలుగు క్రైస్తవ కుటుంబమైనా ఈ రెండు కథలూ చెవిలో పడకుండా పెరగదు.

అయితే ఆ కథల్ని చివరిదాకా చదవండి. అక్కడ తీర్పు పలికింది ప్రవక్త, అపొస్తలుడు, అదీ నేరస్థుడి ముఖం మీద. ఏలీయా ద్రాక్షతోటలోకి వెళ్ళి ఆహాబుకే చెప్పాడు. వేరే వాళ్ళ ఇంట్లో చాప మీద కూర్చుని సాక్ష్యంగా చెప్పలేదు. తీర్పు విన్న ఆహాబు గోనెపట్ట కట్టుకుని తగ్గించుకుంటే, అంత ఘోరం చేసిన ఆ రాజు విషయంలో కూడా దేవుడు ఆ కీడును అతని దినాల్లో రానివ్వనన్నాడు. దేవుడి న్యాయం మనం అనుకున్నంత తొందరగా ఖాతా మూసేయదు. ఇంకొకరి జబ్బును చూసి వెనక్కి లెక్కగట్టి, ఫలానా పాపానికి ఇది ఫలానా శిక్ష అని చెప్పే అధికారం మాత్రం ఆ కథలు ఎవరికీ ఇవ్వడం లేదు. యేసు ముందుకు ఆ లెక్క రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ ఆయన ఒప్పుకోలేదు. పుట్టు గుడ్డివాడిని చూసి, పాపం చేసింది ఇతనా, ఇతని తల్లిదండ్రులా అని శిష్యులే అడిగారు. ఇద్దరూ కాదన్నాడు. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయిన సంగతిని లూకా పదమూడో అధ్యాయంలో ఆయనే ఎత్తి, వాళ్ళు యెరూషలేములో మిగిలిన అందరికన్నా అపరాధులనుకుంటున్నారా అని అడిగాడు. ఆ వెంటనే మాటను వింటున్నవాళ్ళ మీదికి తిప్పాడు, మీరు మారుమనస్సు పొందకపోతే మీరూ అలాగే నశిస్తారని. యోబు ముగ్గురు స్నేహితులు నీ కష్టానికి నీ పాపమే కారణమని అన్నన్ని అధ్యాయాలు వాదించాక, దేవుడి కోపం యోబు మీద కాదు, వాళ్ళ మీద రగిలింది.

అంటే దేవుడు న్యాయం తీర్చడనా? కాదు. గోధుమలూ గురుగులూ కలిసి పెరగనివ్వండి అన్న ఉపమానంలో కోత ఉంది, తగలబెట్టడమూ ఉంది. కాకపోతే కలుపు పీకే పని మనకు ఇవ్వలేదు, పీకితే గోధుమ కూడా వస్తుందని. వరిచేలో కలుపు తీసినవాళ్ళకు ఈ మాట వివరించక్కర్లేదు, వెన్ను తీసేదాకా ఊదగడ్డి వరిలాగే ఉంటుంది. దేవుడి తీర్పు మీద నమ్మకం ఉన్నవాళ్ళే ఇప్పుడు తీర్పు చెప్పకుండా ఆగగలరని అపొస్తలుడు పౌలు వాదన. పగ తీర్చుకోవడం నా పని అన్న దేవుడి మాటను రోమీయులకు రాసిన పత్రిక పన్నెండో అధ్యాయంలో ఎత్తి చూపి, వెంటనే నీ శత్రువు ఆకలిగొంటే అన్నం పెట్టమన్నాడు.

కాబట్టి సాక్ష్యం విషయంలో నా అభిప్రాయం దాచను, చెప్పకండి. అందరి ముందు మీరు ఆ మాట అంటే సాయంత్రానికి మీ వదిన చెవిన పడుతుంది. మాట పోయినా చెవులు పనిచేస్తున్న మీ అన్నయ్యకూ చేరుతుంది. ఆ తర్వాత భూమి గురించి ఏ మంచి మాటా మీ రెండిళ్ళ మధ్య నిలవదు. ఇంకొకటి, “మీరు కొలుచు కొలతచొప్పుననే” మీకూ కొలవబడుతుందన్న వాక్యం బెదిరింపు కాదు, ఊళ్ళో జరిగేదే. రేపు మీ ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే, ఆ పెద్దమ్మే మీ గురించి ఏ పాపమా అని వెతుకుతారు. కొలపాత్ర మీరే అందించి ఉంటారు.

ఇప్పుడు పాస్టరుగారి మాట. ఆయన మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఆ వాక్యాన్ని ఆయన మీ నోరు మూయించడానికి వాడారేమో అనిపించింది. “తీర్పు తీర్చకుడి” అన్న మత్తయి ఏడో అధ్యాయంలోనే, ఐదో వచనంలో, ముందు నీ కంటిలోని దూలం తీసుకో, తర్వాత సహోదరుడి కంటిలోని నలుసు తీయడానికి నీకు తేటగా కనబడుతుంది అని ఉంది. నలుసు లేదని అనలేదు, తీయవద్దనీ అనలేదు. యోహాను సువార్త ఏడో అధ్యాయంలో అదే ప్రభువు, వెలిచూపును బట్టి కాక న్యాయమైన తీర్పు తీర్చండి అని ఆజ్ఞాపించాడు. గ్రీకులో ‘క్రినో’ అన్న ఒకే క్రియ వేరుచేసి చూడటానికీ, శిక్ష విధించడానికీ వస్తుంది. తెలుగులో మనకు ఇంకో వెసులుబాటు ఉంది. అప్పు తీరుస్తాం, దాహం తీరుస్తాం, తీర్పు కూడా తీరుస్తాం. ఆ మాటలోనే, ఇక ఏమీ మిగలకుండా ముగించడమన్న అర్థం ఉంది. “నా చేత అబద్ధం చెప్పి సంతకం పెట్టించారు” అనడం జరిగిన సంగతి చెప్పడం. “మా అన్నయ్య దొంగ, దేవుడు వాడి పని పట్టాడు” అనడం మనిషిని తీర్చేయడం. మీకు నిషేధించింది రెండోది.

కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఆరో అధ్యాయం కూడా పాస్టరుగారి మనసులో ఉండి ఉంటుంది. విశ్వాసులు ఒకరి మీద ఒకరు అవిశ్వాసుల ముందు వ్యాజ్యమాడటం పౌలుకు సిగ్గుగా తోచింది, అన్యాయం సహించడమే మేలు కదా అని కూడా అన్నాడు. ఆ మాటను నేను తేలిక చేయను. కానీ అదే చోట, సహోదరుల మధ్య తగవు తీర్చగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనా లేడా అని సంఘాన్ని కూడా అడిగాడు. కోర్టుకు వెళ్ళవద్దని చెప్పే సంఘం తానే కూర్చుని న్యాయం తేల్చాలి. రెండేళ్ళుగా మీ పెద్దలు ఒక్కసారైనా రెండు పక్షాలనూ కూర్చోబెట్టారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు.

వాటా అడిగితే దేవుడికి కోపం వస్తుందని భయపడేవాళ్ళకు నేను సంఖ్యాకాండం ఇరవై ఏడో అధ్యాయం చదవమంటాను. సెలోపెహాదు కూతుళ్ళు ఐదుగురు, మోషే ముందు, యాజకుడి ముందు, సర్వసమాజం ముందు నిలబడి తండ్రి స్వాస్థ్యంలో భాగం అడిగారు. వాళ్ళు అడిగింది న్యాయమే, ఇవ్వమని దేవుడన్నాడు. దీని పక్కనే లూకా పన్నెండో అధ్యాయం పెట్టుకోవాలి. పిత్రార్జితంలో నాకు పాలు పంచమని మా అన్నతో చెప్పు అని ఒకడు అడిగితే, నన్ను మీ మీద తీర్పరిగా ఎవరు నియమించారని యేసు తప్పుకుని, లోభం గురించి జాగ్రత్త చెప్పాడు. ఈ రెండిటిలో ఒకదాన్నే పట్టుకుని మీకు సలహా ఇచ్చేవాళ్ళను సగమే నమ్మండి. నన్ను కూడా.

దూలం మాట ఎత్తాను కాబట్టి మీకు నచ్చనిది ఒకటి చెప్పాలి. తండ్రి మంచంలో ఉన్న మూడేళ్ళ గురించి మీ ఏడు పేజీల్లో ఒక్కటే వాక్యం ఉంది: “నేను పండగలకు వెళ్ళి చూసి వచ్చేదాన్ని.” అన్నయ్య అన్న ఆ ఒక్క మాటలో, మోసం పక్కనే, కొంత నిజం కూడా ఉండవచ్చు. మంచంలో ఉన్న మనిషికి రోజూ ఒళ్ళు తుడిచి, పక్క మార్చి, రాత్రి మూడుసార్లు లేచింది బహుశా మీ వదిన. ఆ చాకిరికి ఎవరూ విలువ కట్టలేదన్న బాధతో, అడిగితే మీరు ఇవ్వరేమోనన్న అనుమానంతో, అడగకుండానే తీసుకున్నారేమో. ఇది మోసాన్ని ఒప్పు చేయదు. అడిగి ఉంటే మీరే కొంత వదులుకుని ఉండేవారేమో, ఆ అవకాశాన్ని కూడా ఆయన కాజేశాడు. కానీ మీరు కూర్చుని మాట్లాడేనాడు ఈ సంగతి మీ నోటి నుంచి ముందుగా వస్తే, ఎదుటివాళ్ళకు తలెత్తే చోటు దొరుకుతుంది.

చట్టం వైపు చూస్తే, క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, భార్య లేకుండా, వీలునామా రాయకుండా పోయిన తండ్రి ఆస్తిలో కొడుకుకూ కూతురికీ చెరి సగం. మీరు సంతకం పెట్టిన దస్తావేజును మోసంతో రాయించుకున్నదని రద్దు చేయించాలంటే, సాధారణంగా ఆ సంగతి తెలిసిన నాటి నుంచి మూడేళ్ళలోపు దావా వేయాలి. మీకు ఈసీతో తెలిసి రెండేళ్ళయింది. సంతకం పెట్టిన రోజే ఆమెకు తెలుసు, తొమ్మిదేళ్ళయిందని అవతలి వకీలు వాదిస్తాడు. అందువల్ల కాలం మీ పక్షాన లేదు. ప్రార్థించి నిర్ణయించుకోవడానికి మీకు నెలలున్నాయి, ఏళ్ళు లేవు. మహిళ కాబట్టి ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో మీకు ఉచితంగా న్యాయవాది దొరుకుతారు. ఈ వారమే ఈసీ, దస్తావేజు నకలు పట్టుకెళ్ళి తేదీలు లెక్క కట్టించుకోండి. వకీలును కలవడం కేసు వేయడం కాదు.

ఆ తర్వాత మీ ముందు నాలుగైదు దారులుంటాయి, వేటి ఖర్చు వాటికుంది. మత్తయి పద్దెనిమిదో అధ్యాయం చెప్పినట్టు ముందు ఒంటరిగా మాట్లాడటం ఒకటి. మాట పోయిన అన్నయ్యతో అది కుదరదు కాబట్టి వదినతో, ఇరవై రెండేళ్ళ మేనల్లుడితో మాట్లాడాలి. వాళ్ళు ఆసుపత్రి అప్పుల్లో ఉన్నప్పుడు అడగడం క్రూరంగా కనిపిస్తుంది, ఆ అప్పులకు భూమి అమ్మేశాక అడిగితే ప్రయోజనమే ఉండదు. ఈ ఇరకాటాన్ని దాచకుండా చెప్పడమే మంచిది, “ఇప్పుడు డబ్బు అడగడానికి రాలేదు, పొలం నాకు చెప్పకుండా అమ్మవద్దని అడగడానికి వచ్చాను” అని. ఒప్పుకోకపోతే ఇద్దరు ముగ్గురు పెద్దల్ని, పాస్టరుగారితో సహా, కూర్చోబెట్టవచ్చు. వాళ్ళు గట్టిగా మాట్లాడకపోతే ఇంకో ఆరు నెలలు కరిగిపోతాయి, అందుకని గడువు పెట్టుకోండి. లోక్ అదాలత్‌కు, కేసు వేయకముందే, దరఖాస్తు చేసుకోవచ్చు. అక్కడ రాజీ కుదిరితే దానికి సివిల్ కోర్టు డిక్రీకి ఉన్న విలువే ఉంటుంది, అప్పీలు ఉండదు. కాకపోతే ఇద్దరూ ఒప్పుకుంటేనే. చివరిది దావా. గెలవవచ్చు. ఏళ్ళు పట్టవచ్చు, రిజిస్ట్రారు ముందు మీరే వేసిన వేలిముద్రను మీరే కాదనాల్సి వస్తుంది, మీ మేనల్లుడు మిమ్మల్ని అత్తా అని పిలవడం మానేయవచ్చు.

మీ భర్తకు ఒక హెచ్చరిక. ఇప్పుడే వెళ్ళి, అన్నయ్య ఎడమ చేతి వేలిముద్రతో సగం పొలం తిరిగి రాయించుకుందామని ఆయన అన్నట్టు రాశారు. వద్దు. మాట లేని, ఎంతవరకు అర్థమవుతోందో డాక్టరు ఇంకా తేల్చని మనిషి చేత వేయించిన వేలిముద్ర కోర్టులో నిలవదు. అంతకన్నా ముఖ్యం, తొమ్మిదేళ్ళ కిందట మీకు జరిగింది సరిగ్గా అదే, ఏముందో తెలియని కాగితం మీద సంతకం.

వదులుకోవడం కూడా ఒక దారే, పౌలు చెప్పిన దారి. అయితే వదులుకోవడానికీ, గడువు దాటిపోనివ్వడానికీ తేడా ఉంది. ఇంత విలువైనది, నాది, ఇస్తున్నాను అని మీరూ మీ భర్తా, ఫీజు కట్టాల్సిన మీ అమ్మాయీ కలిసి తెలిసి ఇస్తే అది దానం. భయంతోనో, భక్తి పేరుతోనో ఇస్తే పదేళ్ళ తర్వాత ఏదో పెళ్ళిలో అది మళ్ళీ నోట్లోంచి బయటికొస్తుంది. క్షమించానంటే వాటా వదిలేసినట్టేనని కూడా అనుకోకండి. సుంకం వసూలు చేసే జక్కయ్య ఇంటికి యేసు అతిథిగా వెళ్ళాడు, ఆ దయ దొరికాకే జక్కయ్య అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. క్షమాపణ ఒక ఖాతా, పొలం మరో ఖాతా.

ఇక ఆ చల్లదనం. “నీ శత్రువు పడినప్పుడు సంతోషింపకుము” అని సామెతల గ్రంథం ఇరవై నాలుగో అధ్యాయంలో ఉంది. ఆ సంతోషం మనుషులకు కలుగుతుందని తెలిసినవాళ్ళు రాసిన మాట అది, మీ ఒక్కరికే కలగలేదు. రెండేళ్ళుగా నా మాట ఎవరూ నమ్మడం లేదని మీరు ఉక్కిరిబిక్కిరి అయ్యారు, ఎవరో నమ్మినట్టు ఆ క్షణంలో అనిపించింది. ఆ తర్వాత మీకు భయం వేసింది, ఆ భయాన్ని దాచకుండా నాకు రాశారు. ఆ పాల సంగతి పాస్టరుగారికో పెద్దమ్మకో చెప్పాల్సిన పని లేదు. దేవుడికి చెప్పుకోండి, 109వ కీర్తన చదివిన చోటే కూర్చుని.

పండ్ల ప్రశ్న. ప్రేమ పూర్తిగా వచ్చాకే వెళ్ళాలనుకుంటే మీరు ఎప్పటికీ వెళ్ళలేరు. శత్రువుకు అన్నం పెట్టమన్న వాక్యం, పెట్టేముందు మనసు మెత్తబడాలని షరతు పెట్టలేదు. వెళ్ళండి, మొదటిసారి పొలం ఎత్తకండి, పది నిమిషాలు కూర్చుని రండి. ఆయన మాట్లాడలేకపోయినా వినగలరు, చిన్న చిన్న మాటలు, నెమ్మదిగా చెప్పండి. రాత్రిళ్ళు ఎవరు మేలుకుంటున్నారో వదినను అడగండి, కుదిరితే ఒక శనివారం రాత్రి మీరు ఉంటానని చెప్పండి. పండ్లు మాత్రం అడిగి తీసుకెళ్ళండి. పక్షవాతం వచ్చినవాళ్ళకు చాలాసార్లు మింగడం కష్టమవుతుంది, నీళ్ళు కూడా పొరబోతాయి. డాక్టరు ఏది పెట్టవచ్చన్నారో కనుక్కుని, చిక్కటి రాగిజావ పెట్టమని ఉంటే అదే ఇంటి దగ్గర కాచి, ఒక గిన్నెలో పోసి పట్టుకెళ్ళండి.